నాలుగు గంటలు కూర్చుని పది నిమిషాలు ఆడారు, అందులో మీ తప్పు లేదు

మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ముందు చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. మీరూ మీ ఆవిడా ఏడాదిన్నరగా ఇంట్లో స్నేహితులతో డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, ఒకరు కథ నడిపిస్తుంటే మిగతావాళ్ళు తలో పాత్రగా మాట్లాడుతూ, పాచికలు వేస్తూ ఆడే ఆట) ఆడుతున్నారు. ఈసారి మొదటిసారిగా ఒక కన్వెన్షన్‌కి, అంటే ఇలాంటి ఆటలాడేవాళ్ళంతా చేరే చోటికి వెళ్ళారు, హోటల్లో జరిగే చిన్నదే, శనివారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఐదు దాకా స్లాట్. కొత్తవాళ్ళు రావచ్చు, క్యారెక్టర్లు మేమే ఇస్తాం అని లిస్టింగ్‌లో ఉంది. తీరా వెళ్ళి కూర్చుంటే మీరే తయారు చేసుకోండి అన్నారు, దానికే యాభై నిమిషాలు పోయాయి. ఆరుగురిలో ఇద్దరు జీఎమ్‌కి (ఆట నడిపే మనిషికి) పాత స్నేహితులు, ఆట దాదాపు ఆ ముగ్గురి మధ్యే నడిచింది. మీ ఆవిడ క్యారెక్టర్ రోగ్ (గోడలెక్కడం, చాటుగా కదలడంలో ఆరితేరిన రకం), సత్రం పైకప్పు ఎక్కి దొంగల్ని పైనుంచి గమనిస్తానంటే ‘అక్కడికి వెళ్ళడం కుదరదు’ అన్నారు. ఆ దొంగలతో ఫైట్ ఒక్కటే గంటన్నర పట్టింది. ఐదు కావస్తుంటే తర్వాతి గ్రూపు వచ్చి గోడ పక్కన నిలబడింది, ఇక జీఎమ్ మిగతా కథంతా ఐదు నిమిషాల్లో చదివేసి అయిపోయిందన్నారు. ఇంటికొచ్చే దారిలో మీ ఆవిడ ‘నేనింక రాను’ అంది. మేం సరిగా మాట్లాడలేకపోయామా, కన్వెన్షన్ ఆటలంటే ఇంతేనా, మధ్యలో లేచి వచ్చేయొచ్చా అని అడిగారు.

నేను పదిహేనేళ్ళుగా ఇక్కడ అమెరికా మిడ్‌వెస్ట్ కన్వెన్షన్లలో ఆటలు నడుపుతున్నాను, ఆడుతున్నాను, రెండేళ్ళు ఒక చిన్న కన్వెన్షన్‌కి ఆర్‌పీజీ (డీ అండ్ డీ లాంటి పాత్రల ఆటలు) షెడ్యూల్ పని కూడా చూశాను. మీ మొదటి ప్రశ్నకి జవాబు ముందే చెప్పేస్తాను, మిగతాది తర్వాత. మీరు సరిగా మాట్లాడలేకపోవడం కాదు. మన వాళ్ళు ఇలాంటి టేబుల్ నుంచి లేచి వచ్చాక ‘నా ఇంగ్లీషు యాస వల్లేమో’, ‘నాకు రూల్స్ అంత బాగా రాకపోవడం వల్లేమో’ అని లోపల్లోపల నలిగిపోవడం నేను చాలాసార్లు చూశాను. అది చూసినప్పుడల్లా బాధేస్తుంది, ఎందుకంటే చాలావరకు అక్కడ జరిగింది ఒక్కటే: టైమ్ పంపకం తప్పింది. మీకు రావాల్సిన టైమ్ మీకు రాలేదు.

ఒకసారి లెక్క వేద్దాం. నాలుగు గంటలంటే 240 నిమిషాలు. బాగా నడిచే టేబుల్ మీద కూడా జనం చేరి పేర్లు చెప్పుకోవడానికి ఒక పావుగంట, మధ్యలో బాత్రూమ్‌కీ మంచినీళ్ళకీ పది, చివర్లో సర్దుకోవడానికి పది పోతాయి, అంటే మిగిలేది 205. అందులో సగం జీఎమ్ మాటలకే పోతుంది, వర్ణించాలి, అడిగినదానికి జవాబు చెప్పాలి, సత్రం యజమాని దగ్గర నుంచి దొంగల నాయకుడి దాకా అందరి తరఫునా మాట్లాడాలి. మిగతా వంద నిమిషాలు ఆరుగురు పంచుకుంటే ఒక్కొక్కరికి పదిహేడు నిమిషాలు కూడా సరిగ్గా రావు. ఇది బాగా నడిచిన టేబుల్ లెక్క. ఇప్పుడు మీ టేబుల్ చూడండి. పావుగంట ఆలస్యం, క్యారెక్టర్లకి యాభై, బ్రేక్ పది, చివరి చదువుడు ఐదు, మొత్తం ఎనభై పోయి 160 మిగిలాయి. జీఎమ్ వాటా తీసేస్తే ఎనభై. అందులో ఆ ఇద్దరు స్నేహితులు తక్కువలో తక్కువ సగం తీసుకుని ఉంటారు, మీరు రాసినదాన్ని బట్టి ఇంకా ఎక్కువే అనుకుంటాను. మిగిలిన నలభై నలుగురికి పంచితే తలా పది నిమిషాలు. ఒక మధ్యాహ్నం మొత్తం ఇచ్చి, టికెట్ కొని, అంత దూరం డ్రైవ్ చేసి వెళ్ళినందుకు మీకు దక్కింది పది నిమిషాలు, దాంట్లోనే మీ ఆవిడకి ‘కుదరదు’ అనే మాట. ఆమె మళ్ళీ రానందంటే నాకేం ఆశ్చర్యం లేదు.

ఇంట్లో ఆడేటప్పుడు ఈ లెక్క ఎవరికీ పట్టదు. ఈ వారం కానిది వచ్చే వారం అవుతుంది, ఈ రోజు ఒకరి కథ బాగా నడిస్తే ఇంకో రోజు ఇంకొకరిది. కన్వెన్షన్‌లో వచ్చే వారం ఉండదు. అందుకే ఇంట్లో ఎంతో బాగా నడిపే డీఎమ్ కూడా (కన్వెన్షన్లలో జీఎమ్ అంటారు, మనిషి ఒకటే) కన్వెన్షన్ టేబుల్ మీద చతికిలపడొచ్చు. అది వేరే పని, విడిగా నేర్చుకోవాలి. మీ జీఎమ్ చెడ్డవాడని నేను అనడం లేదు. ఈ పని చేసేవాళ్ళలో ఎక్కువమంది జీతానికి వచ్చినవాళ్ళు కాదు, ఇష్టంతో సెలవు పెట్టుకుని వస్తారు. కానీ లిస్టింగ్‌లో క్యారెక్టర్లు ఇస్తాం అని రాసి ఇవ్వకపోవడం మాత్రం మాట తప్పడమే. ఆ మాట చూసే మీలాంటివాళ్ళు ఆ టేబుల్ ఎంచుకుంటారు మరి.

ముందే తయారైన క్యారెక్టర్లు ఇవ్వడం ఈ మధ్య వచ్చిన సుఖం కాదు, డీ అండ్ డీ ఎంత పాతదో కన్వెన్షన్లలో ఈ పద్ధతీ దాదాపు అంత పాతది. ఆట 1974లో వచ్చింది, 1975లో బాల్టిమోర్‌లో ఆరిజిన్స్ అనే గేమ్ కన్వెన్షన్ మొదటిసారి జరిగినప్పుడే దాన్ని టోర్నమెంట్‌గా ఆడించారు. అప్పటి టోర్నమెంట్లలో టేబుళ్ళన్నిటికీ ఒకటే సాహసం, అందరికీ రాసి ఇచ్చిన క్యారెక్టర్లు, లేకపోతే ఏ టేబుల్ బాగా ఆడిందో పోల్చేదెలా? పోటీ చాలావరకు పోయింది కానీ పద్ధతి నిలిచింది, కారణం టైమే. డీ అండ్ డీలో క్యారెక్టర్ చేయడమంటే జాతి, క్లాసు (యోధుడా, మంత్రగాడా, రోగా అన్నది), నేపథ్యం, మంత్రాల జాబితా, సామాన్లు, అన్నీ ఆరుగురు ఒకే పుస్తకాన్ని చేతులు మార్చుకుంటూ చూడాలి, యాభై నిమిషాల్లో అయ్యిందంటే నిజానికి త్వరగానే అయ్యింది. కొన్ని ఆటల్లో క్యారెక్టర్ చేయడమే ఆటలో భాగం, ప్లేబుక్ అని ఒక మడత కాగితం ఇస్తారు, నాలుగు చోట్ల టిక్కు పెట్టి, పక్కవాడితో మీ బంధమేంటో రెండు ప్రశ్నలకి జవాబిస్తే పావుగంటలో అందరికీ ఒకరంటే ఒకరికి కథ తయారవుతుంది. అక్కడ సరే. డీ అండ్ డీలో, అదీ కొత్తవాళ్ళ టేబుల్ మీద, నా దృష్టిలో అది చేయకూడని పని.

ఫైట్ సంగతి. ఆరుగురు ఆటగాళ్ళు, ఎనిమిది మంది దొంగలు, ఒక్కొక్కరి వంతు నిమిషం అనుకున్నా ఒక రౌండ్‌కి పావుగంట, ఆరు రౌండ్లు నడిస్తే గంటన్నర. ఇక్కడ జీఎమ్ చేయాల్సిన పని చాలా చిన్నది: సగం మంది దొంగలు పడిపోయాక మిగతావాళ్ళు పారిపోవాలి. ప్రాణాల మీద ఆశ ఉన్న దొంగ ఎవడైనా అదే చేస్తాడు, కథకీ సహజంగా ఉంటుంది, మీకు నలభై నిమిషాలు మిగులుతాయి. చివరి దొంగ చివరి హిట్ పాయింట్ (ప్రాణబలం లెక్క) దాకా కొట్టుకుంటూ కూర్చోవడం వల్లే కథ చివరి భాగం మీ చేతికి రాకుండా పోయింది.

పైకప్పు విషయంలో కొంచెం ఆగుతాను, ఎందుకంటే ఇక్కడ రెండు వేర్వేరు విషయాల్ని జనం కలిపేస్తారు. నాలుగు గంటల ఆటలో జీఎమ్ మిమ్మల్ని ఒక దారిలో పెట్టడం తప్పు కాదు. సత్రం యజమాని తన కూతుర్ని ఎత్తుకుపోయారని ఏడుస్తుంటే ‘మాకేం సంబంధం, మేం పక్క ఊరు పోతాం’ అనడం కన్వెన్షన్ ఆటగాడి మర్యాద కాదు, అక్కడ తయారై ఉన్నది ఆ కథే. ఎక్కడికి వెళ్ళాలి అన్నది జీఎమ్ చెప్పొచ్చు. ఎలా వెళ్ళాలి అన్నది మీది. తలుపు తన్ని వెళ్తారా, దొంగ వేషంలో వెళ్తారా, పైకప్పు మీద నుంచి దిగుతారా అన్నది కూడా జీఎమ్ చెప్తే ఇక మీరు ఆడేదేముంది, డైస్ వేయడమేగా. మీ ఆవిడ అడిగింది కథని పక్కదారి పట్టించేది కాదు, అదే సత్రం, అదే దొంగలు, ఆమె చూస్తానంది పైనుంచి, అంతే. పైగా రోగ్ తీసుకున్న మనిషి గోడలెక్కుతానంటే ఆ క్యారెక్టర్ పుట్టిందే దానికి. అక్కడ ఒక్క డైస్ వేయించి ఉంటే ఆమె ఈపాటికి వచ్చే కన్వెన్షన్ తేదీ చూస్తుండేది.

ఇవన్నీ నాకు పుట్టుకతో తెలిసినవి కాదు. నేను మొదటిసారి కన్వెన్షన్‌లో నడిపిన ఆటకి ఐదు సీన్లు రాసుకెళ్ళాను, మూడే అయ్యాయి. ఆ టేబుల్ మీద ఒక తండ్రీ కూతురూ ఉన్నారు, ఆ అమ్మాయికి పన్నెండేళ్ళుంటాయి, బార్డ్ (పాటలు పాడే క్యారెక్టర్) తీసుకుంది. ఐదో సీన్‌లో ఒక రాతి తలుపు ఉంది, పాట పాడితేనే తెరుచుకుంటుంది, అది ఆ క్యారెక్టర్ కోసమే పెట్టాను, ఆమె షీట్ మీద అమ్మమ్మ నేర్పిన పాట ఒకటి ఉందని కూడా రాసి ఇచ్చాను. ఆ అమ్మాయి నాలుగు గంటలూ ఆ లైను మీద వేలు పెట్టుకుని కూర్చుంది, ఎప్పుడు వస్తుందా అని. నేను రెండో సీన్‌లో ఒక వ్యాపారి గొంతుతో నలభై నిమిషాలు మాట్లాడాను, బాగా వచ్చిందని సంబరపడ్డాను కూడా. టైమ్ అయిపోయింది. ఆ వేలు నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. అప్పటి నుంచి నా నోట్సు మొదటి పేజీలో కథ ఉండదు, టైములు ఉంటాయి: ఒంటిగంటా పదిహేనుకి సత్రం, రెండున్నరకి అడవి, మూడుంబావుకి ఎక్కడున్నా సరే గుహ, నాలుగున్నర తర్వాత కొత్త విషయం ఏదీ మొదలుపెట్టను. చేతి గడియారం విప్పి నా స్క్రీన్ (జీఎమ్ నోట్సు కనబడకుండా ముందు నిలబెట్టుకునే అట్ట) వెనక పెట్టుకుంటాను. ప్రతి క్యారెక్టర్‌కీ నేను రాసిన ముఖ్యమైన విషయం రెండో గంట లోపల ఒకసారైనా బయటికి రావాలి, చివరి సీన్ కోసం దాచను.

స్నేహితుల సంగతి కూడా అంతే. కన్వెన్షన్‌లో టేబుల్ నిండకపోతే ఆట రద్దవుతుందనే భయంతో చాలామంది జీఎమ్‌లు తెలిసినవాళ్ళని తెచ్చుకుంటారు, అందులో తప్పు లేదు, నేనూ తెచ్చుకుంటాను. కానీ వాళ్ళని ఒకరి పక్కన ఒకరిని కూర్చోనివ్వను, ఒకరిని అటు చివర, ఒకరిని ఇటు చివర. ముందే ఒక మాట చెప్తాను, ‘ఈ రోజు నువ్వు బాగా ఆడటం అంటే పక్కవాళ్ళని మాట్లాడించడం’ అని. అది వాళ్ళు ఎంత బాగా చేస్తారంటే, కొన్నిసార్లు ఆట అయ్యాక మిగతావాళ్ళు నా దగ్గరికి కాదు, వాళ్ళ దగ్గరికి వెళ్ళి థాంక్స్ చెప్తారు.

ఇక మీ చేతిలో ఏముంది అన్నది. జీఎమ్ సరిగా పంచకపోతే ఆటగాడు కూడా కొంత పంచగలడు, ఇది నేను ఒక పెద్దావిడ దగ్గర నేర్చుకున్నాను. కాల్ ఆఫ్ కథూలూ (ఇలాంటిదే, భయం కథల ఆట) టేబుల్, ఇద్దరు కుర్రాళ్ళు మొత్తం లాగేస్తున్నారు, జీఎమ్ వాళ్ళ వెంటే పోతున్నాడు. ఆవిడ తన వంతు రాగానే తన పని రెండు మాటల్లో ముగించి, గంట నుంచి నోరు తెరవని అతని వైపు తిరిగి, అతని క్యారెక్టర్ పేరు పెట్టి పిలిచి, ‘డాక్టర్, మీరు ఈ శవాన్ని చూశారు కదా, మీకేమనిపిస్తోంది?’ అని అడిగింది. టేబుల్ అంతా అతని వైపు తిరిగింది. క్యారెక్టర్ పేరుతో అడగడంలో ఉంది కిటుకు, అది ఆటలో మాటే కాబట్టి ఎవరినీ ఆపినట్టు ఉండదు, జీఎమ్ కూడా డైస్ వేయించక తప్పదు. అప్పటి నుంచి నేను ఏ టేబుల్ మీద కూర్చున్నా ముందు ఒక ఇండెక్స్ కార్డు మధ్యకి మడిచి, రెండు వైపులా నా క్యారెక్టర్ పేరు రాసి ముందు నిలబెడతాను, మిగతావాళ్ళకీ తలా ఒకటి ఇస్తాను. పేరు కనబడితే పిలుస్తారు, కనబడకపోతే ‘ఆ, నువ్వు’ అంటారు, లేదంటే అసలు పిలవరు. మీరిద్దరూ వెళ్ళారు కాబట్టి మీకింకా సులువు, మీరు ఆమెని అడగండి, ఆమె మిమ్మల్ని అడుగుతుంది, తర్వాత మిగతా ఇద్దరినీ కలుపుకోండి.

బ్రేక్‌లో జీఎమ్‌తో నేరుగా మాట్లాడొచ్చు కూడా. అందరి ముందూ వద్దు, లేచి నీళ్ళు తాగే చోట చాలు. ‘మా క్యారెక్టర్లకి ఇంకా ఏం చేయడానికీ అవకాశం రాలేదు, బ్రేక్ తర్వాత మొదట మా దగ్గర మొదలుపెడతారా?’ అని అడగండి. నన్ను ఒకామె ఇలాగే అడిగింది, నాకు కోపం రాలేదు, సిగ్గేసింది, వెంటనే సరిచేసుకున్నాను. చాలామంది జీఎమ్‌లు టెన్షన్‌లో ఉంటారు, ఎవరు మాట్లాడట్లేదో వాళ్ళకి నిజంగా కనబడదు.

అడిగినా మారకపోతే లేచి రావొచ్చా? రావొచ్చు. మొహమాటం వద్దు. ఓపెన్ డోర్ అని దీనికి ఒక పేరే ఉంది, ఎవరైనా ఎప్పుడైనా కారణం చెప్పకుండా వెళ్ళిపోవచ్చని కొంతమంది జీఎమ్‌లు ఆట మొదట్లోనే చెప్తారు. చెప్పకపోయినా ఆ హక్కు మీకుంది. ఫైట్ మధ్యలో కాకుండా బ్రేక్‌లో అయితే మిగతావాళ్ళకి ఇబ్బంది ఉండదు, క్యారెక్టర్ షీట్ అక్కడ పెట్టి ‘నేను ఇక్కడితో ఆపుతున్నాను, థాంక్స్’ అంటే చాలు. ఒక్కటి మాత్రం వేరు. విసుగు వేరు, అవమానం వేరు. ఎవరైనా మీ యాసని వెక్కిరించినా, మీ ఆవిడ క్యారెక్టర్ మీద చెత్త మాట అన్నా బ్రేక్ దాకా ఆగక్కర్లేదు. టేబుల్ మీద ఎక్స్ కార్డు ఉంటే దాన్ని ముట్టుకోండి, ఆ విషయం అక్కడితో ఆగిపోవాలి, ఎందుకని అడగకూడదు. ఆగకపోతే అప్పటికప్పుడే లేచి, నేరుగా నిర్వాహకుల డెస్క్ దగ్గరికి వెళ్ళండి.

ఫీడ్‌బ్యాక్ తప్పకుండా రాయండి, ఇప్పుడైనా ఆలస్యం కాలేదు. షెడ్యూల్ చూసిన రెండేళ్ళూ ఆ కాగితాలన్నీ నేనే చదివాను. ‘చాలా బోర్’ అని రాస్తే మేం చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. ‘లిస్టింగ్‌లో క్యారెక్టర్లు ఇస్తామన్నారు, ఇవ్వలేదు, యాభై నిమిషాలు పోయాయి, కథ పూర్తి కాలేదు’ అని రాస్తే ఆ జీఎమ్‌కి ఫోన్ చేసి మాట్లాడేవాళ్ళం, తర్వాతి ఏడాది లిస్టింగ్ మార్పించేవాళ్ళం. మనిషి గురించి కాదు, నిమిషాల గురించి రాయండి.

కన్వెన్షన్ ఆటలంటే ఇంతేనా అన్నారు. కాదు. జెన్ కాన్ అనే పెద్ద గేమ్ కన్వెన్షన్‌కి ఒకసారి వెళ్ళండి. 1968లో విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవాలో, తర్వాత డీ అండ్ డీని తయారుచేసినవాళ్ళలో ఒకరైన గ్యారీ గైగాక్స్ ఒక హాల్లో మొదలుపెట్టింది, 2003 నుంచి ఇండియానాపొలిస్‌లో నాలుగు రోజులు జరుగుతోంది, ఇప్పుడు 70,000 మందికి పైగా వస్తున్నారు. అక్కడి లిస్టింగ్‌లో అనుభవం ఎంత కావాలి అనే గడి ఒకటి ఉంటుంది, అసలు ఆడనివాళ్ళూ రావచ్చు, రూల్స్ నేర్పిస్తాం అని ఉన్నవే చూడండి. సామగ్రి ఇస్తారా లేదా అన్న గడి చూడండి. గరిష్ఠంగా ఎంతమంది అన్నది తప్పకుండా చూడండి, ఆరు కన్నా నాలుగు ఎంతో మేలు, పైన వేసిన లెక్కే వేసుకోండి, అదే వంద నిమిషాలు నలుగురికైతే తలా ఇరవై ఐదు. ముందే బుక్ చేసుకోవడం ఇష్టం లేకపోతే గేమ్స్ ఆన్ డిమాండ్ అని ఉంటుంది, ఆరిజిన్స్‌లో కూడా ఉంటుంది, అక్కడికి వెళ్ళి ఆ పూట ఏ ఆటలున్నాయో చూసి ఎంచుకోవచ్చు, రెండు గంటలవీ ఉంటాయి. మీ ఆవిడని ఒప్పించాలంటే నేనైతే ఆ రెండు గంటల టేబుల్‌తోనే మొదలుపెడతాను. నచ్చకపోయినా పూట మొత్తం పోదు. వీలైతే మొదటి రోజు పొద్దున స్లాట్ చూడండి, ఆదివారం నాటికి జీఎమ్‌ల గొంతులు పోయి ఉంటాయి.

అంతకన్నా ముందు ఒక పని చేయండి. ఆమె చేసుకున్న రోగ్ షీట్ ఇంటికి తెచ్చుకుందని రాశారు కదా. ఈ వారాంతం మీ గ్రూపుని పిలిచి, అదే సత్రం, అదే దొంగలతో మీరే నడపండి, తక్కినవాళ్ళకి క్యారెక్టర్లు ముందే రాసి ఉంచండి. మొదలు సత్రంలో వద్దు, ఆమె దగ్గరే. రాత్రి, వాన వెలిసింది, పెంకులు తడిగా ఉన్నాయి, పదిహేను అడుగుల ఎత్తు. అథ్లెటిక్స్ చెక్, డీసీ 12 (పాచిక మీద పడిన అంకెకి ఆమె నైపుణ్యం కలిపి కనీసం 12 రావాలి). నెగ్గితే కింద ఎంతమంది ఉన్నారో, నాయకుడు ఎవరో, సత్రం యజమాని కూతుర్ని ఏ గదిలో పెట్టారో అన్నీ కనబడతాయి. తప్పితే ఒక పెంకు జారి కింద పడుతుంది, ఒక దొంగ తల ఎత్తి చూస్తాడు. ఎలా జరిగిందో రాయండి.